ఏరుకునేది చెయ్యి

రష్యన్‌లో చేతిని 'రుకా' అంటారు, పోలిష్‌లో 'రెంక', చెక్‌లో 'రుక'. వీటన్నిటికీ తల్లి అయిన ప్రాచీన స్లావిక్ మాట ఏ రాతలోనూ దొరకలేదు. పిల్లభాషల్ని పక్కపక్కన పెట్టి పండితులు పునర్నిర్మించారు. అలాంటి రూపం ముందు ఒక నక్షత్రం గుర్తు పెడతారు. రష్యన్, చెక్ పోగొట్టుకున్న అనునాసికాన్ని పోలిష్ ఇప్పటికీ దాచుకుంది. ఆ మాటను తిరిగి కట్టడానికి పోలిష్ ఇచ్చిన సాక్ష్యం చిన్నదేం కాదు.

ఆ మాట అర్థానికి అసలు ఆధారం పక్కింటి బాల్టిక్ భాష లిథువేనియన్‌లో ఉంది. అక్కడ చెయ్యి 'రంక', 'రింక్తి' అంటే ఏరడం, పోగుచేయడం. అంటే చెయ్యి 'ఏరుకునేది' అన్నమాట. పండితుల్లో ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇదే, నాకూ నచ్చింది. కన్ను సంగతి వేరు: స్లావిక్ 'ఓకో' మన సంస్కృత 'అక్షి'కి దూరపు చుట్టం. చేతికి మాత్రం సంస్కృతంలో హస్తం, లాటిన్‌లో మానుస్, గ్రీకులో ఖేయిర్. వీటిలో ఏదీ 'రుకా'కు చుట్టం కాదు! స్లావ్‌లూ బాల్టిక్ ప్రజలూ తమకంటూ ఒక కొత్త పేరు పెట్టుకున్నారు.

మన 'చెయ్యి'లాగే రష్యన్ 'రుకా' కూడా భుజం నుంచి వేళ్ల దాకా మొత్తానికీ చెల్లుతుంది. దాని సంతానమూ పెద్దదే. చొక్కా చేతులు 'రుకావ్', రాసే కలం 'రూచ్క', తలుపు పిడి కూడా 'రూచ్క'యే. ఉక్రెయిన్ పెళ్లిళ్లలో పరిచే ఎంబ్రాయిడరీ గుడ్డ 'రుష్నిక్' అసలు అర్థం చేతులు తుడుచుకునే తువ్వాలు.