ఈ గదిలో ఎవరూ లేరు

కోడేరు ఉన్న నాగర్‌కర్నూల్ జిల్లాలోనే, నల్లమల లోపలికి పోతే, కృష్ణ ఒడ్డున కొండ కడుపులో ఒక కరెంటు కేంద్రం ఉంది. శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రం. 150 మెగావాట్ల యూనిట్లు ఆరు, అన్నీ భూమి కిందే. లోపలికి దారి కిలోమీటరుకు పైగా సాగే సొరంగం. 2020 ఆగస్టు 20 రాత్రి అక్కడ మంటలు లేచాయి. కొందరు ఎలాగో బయటపడ్డారు. తొమ్మిది మంది లోపలే ఉండిపోయారు. ఫైర్ సిబ్బంది, ఎన్డీఆర్ఎఫ్, సింగరేణి రెస్క్యూ బృందాలు వచ్చినా, పొగ వాళ్లను మళ్లీ మళ్లీ వెనక్కి నెట్టింది. మర్నాడు తొమ్మిది మృతదేహాలూ దొరికాయి.

పొగలో వెతకడం మనం సినిమాల్లో చూసినట్టు ఉండదు. చాచిన చెయ్యి కూడా కనబడదు. నేలమీద పాకుతూ, ఒక చెయ్యి గోడకు ఆనించి, రెండో చేత్తో మంచం కింద, తలుపు వెనక తడుముతూ పోవాలి. వీపున ఉన్న సిలిండర్‌లో గాలి కొలత ప్రకారమే ఉంటుంది, ఆయాసపడితే అంతకంటే ముందే అయిపోతుంది. అందుకే ఒకరు వెతికిన గదినే ఇంకొకరు వెతికితే పోయేది టైము ఒక్కటే కాదు. పక్క గదిలో ఉన్న మనిషికి అందాల్సిన ఊపిరి కూడా.

ఈ చిక్కుకు ఫైర్ వాళ్లు కనిపెట్టిన జవాబు చాలా చిన్నది. గదిలోకి పోతూ తలుపుమీద ఒక ఏటవాలు గీత. బయటికి వస్తూ దానికి అడ్డంగా ఇంకొకటి. ఒక్క గీతే ఉందంటే లోపల మనవాళ్లు ఇంకా ఉన్నారని. రెండూ కలిసి ఇంటూ అయితే వెతకడం పూర్తయిందని. పొగ పైకి లేస్తుంది కాబట్టి గుర్తు తలుపు కింది భాగంలోనే పెడతారు. సుద్ద లేనిచోట గొళ్లేనికి పట్టీ తగిలిస్తారు. పరుపు మడతపెట్టి నిలబెట్టడమూ ఒకప్పటి గుర్తే.

సుద్దతో ఇలా రాసే అలవాటు గనుల్లో ఇంకా పాతది. బ్రిటన్ బొగ్గు గనుల్లో షిఫ్టుకు ముందు విషవాయువుల కోసం తిరిగి చూసే ఉద్యోగి, తాను చూసిన ప్రతిచోటా పొడి అక్షరాలు, తేదీ రాసి పెట్టేవాడు. ఆ ఉద్యోగి పేరు కూడా ఫైర్‌మనే. ఆ రాత తర్వాత వచ్చే కార్మికుడికి ఒక హామీ: ఇక్కడిదాకా ఒక మనిషి వచ్చి చూశాడు.

ఆ సమాచారం లేకపోతే ఏమవుతుందో అమెరికాలో వూస్టర్ ఊరు చూసింది. 1999 డిసెంబర్ 3న పాడుబడ్డ కోల్డ్ స్టోరేజీ అంటుకుంది. అందులో తలదాచుకునే ఇద్దరు లోపలే ఉన్నారనుకుని ఫైర్ సిబ్బంది వెతకడానికి వెళ్లారు. కిటికీల్లేని ఆ గోడల మధ్య ఇద్దరు దారి తప్పారు. వాళ్లకోసం పోయిన నలుగురూ తిరిగి రాలేదు. ఆ తలదాచుకున్నవాళ్లు మాత్రం అప్పటికే బయటికి వెళ్లిపోయారు. ఖాళీగా ఉన్న భవనం ఆరుగురి ప్రాణాలు తీసింది.

భూకంపాలొచ్చినప్పుడు దేశదేశాల బృందాలు కలిసి వెతకాలి. అందరికీ ఒకే లిపి కావాలి. 1985 మెక్సికో, 1988 ఆర్మేనియా భూకంపాల తర్వాత, 1991లో ఐక్యరాజ్యసమితి గొడుగు కింద ఇన్సరాగ్ ఏర్పడింది. దాని పద్ధతిలో గోడమీద ఒక చతురస్రం గీసి, ఏ బృందం ఎప్పుడు వెతికిందో, ఎంతమంది బతికి దొరికారో, ఎందరు చనిపోయారో రాస్తారు. అమెరికాలో మాత్రం ఇంటూ గుర్తుకున్న నాలుగు మూలల్లోనే ఈ వివరాలన్నీ. 2005లో కత్రినా తుఫాను తర్వాత న్యూ ఆర్లీన్స్ ఇళ్లమీద ఆ గుర్తులు ఏళ్లతరబడి ఉండిపోయాయి. కొందరు చెరిపేశారు, కొందరు అలాగే ఉంచుకున్నారు. కింది మూలలో సున్నా ఉన్న ఇల్లు అదృష్టవంతుల ఇల్లు.

మళ్లీ మన జిల్లాకే వద్దాం. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్సెల్బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. అక్కడ గదుల్లేవు, తలుపుల్లేవు, బురదా ఇనుమూ తప్ప. అందుకే వెతికే చోట్లకు డీ-1, డీ-2 అని పేర్లు పెట్టుకున్నారు. వారాలు గడిచాక ఇద్దరి దేహాలు దొరికాయి. చివరి కొద్ది మీటర్లు మరీ ప్రమాదమని, అక్కడికి ఎవరూ పోకూడదని అడ్డు కట్టారు.

ఇక్కడే ఆ రెండు గీతల విలువ తెలుస్తుంది. 'వెతికాం, ఎవరూ లేరు' అనేది ఒక మాట. 'వెతకలేకపోయాం' అనేది పూర్తిగా వేరే మాట. బయట నిలబడి ఎదురుచూసే ఇంటివాళ్లకు ఈ రెంటినీ కలిపి చెప్పకూడదు. సుద్ద పట్టుకున్నవాడు రెండో గీత గీసేముందు తనను తాను అడగాల్సింది ఇదొక్కటే: మంచం కింద నిజంగా తడిమానా?