తంతి మోర్సు, అమెరికా అంతర్యుద్ధము

నా చిన్నతనమున మా నర్సంపేటలో ఒక ఇంటికి తంతి వచ్చినదనగా, దానిని విప్పకముందే ఆడువారు ఏడ్పు మొదలుపెట్టెడివారు. చావు కబురుకు తప్ప తంతికి డబ్బు పెట్టువారు అరుదు. 2013 జూలైలో మన దేశమున ఆ సేవ నిలిచిపోయినది. ఆ తంతికి వాడుకైన రూపమిచ్చిన శామ్యూల్ మోర్సు ఒక సంఘకాపరి కుమారుడని మనలో అనేకులు ఎరుగరు.

ఆయన 1791లో మసాచుసెట్సులోని చార్లెస్‌టౌనులో జన్మించెను. మొదట చిత్రకారుడు. 1825లో వాషింగ్టనులో లఫాయెత్ చిత్రము వేయుచుండగా ఆయన భార్య న్యూహేవనులో మరణించెను. ఉత్తరమందుకొని ఇల్లు చేరునప్పటికి సమాధి కార్యక్రమము ముగిసిపోయెను. ఈ దుఃఖమే తంతిని పుట్టించెనని ప్రసంగములలో చెప్పుదురు, నేనును చెప్పితిని. నిజమునకు ఆ తలంపు 1832లో ఓడ ప్రయాణములో, విద్యుత్తును గూర్చిన సంభాషణవలన కలిగినది. 1844 మే 24న వాషింగ్టను నుండి బాల్టిమోరుకు పంపిన వార్త సంఖ్యాకాండము 23వ అధ్యాయము 23వ వచనములోనిది. దానిని ఎన్నుకొన్నది ఆనీ ఎల్స్‌వర్తు అను యువతి.

ఇంతవరకు మనము సంతోషముతో చదువుదుము. తరువాతి భాగమును దాటిపోవుట న్యాయము కాదు.

1861లో అంతర్యుద్ధము మొదలైనప్పుడు మోర్సు న్యూయార్కు రాష్ట్రవాసి. దేశము చీలిపోవుట ఆయనకిష్టము లేదు. అయినను చీలికకు కారణము బానిసత్వము కాదనియు, దానిని రద్దు చేయుమని పట్టుబట్టువారేననియు ఆయన తలంచెను. 1863లో లింకనును ఎదిరించువారు రాజకీయ జ్ఞానవ్యాప్తికై స్థాపించిన ఒక సంఘమునకు ఆయన అధ్యక్షుడాయెను. అదే సంవత్సరము బానిసత్వపు నైతిక స్థితిని గూర్చి ఒక చిన్న పుస్తకము ప్రచురించెను. తండ్రికి పిల్లలు, ప్రభుత్వమునకు ప్రజలు లోబడునట్లే బానిస యజమానునికి లోబడుట దేవుని ఏర్పాటని ఆయన వాదము. 1864 ఎన్నికలలో లింకనుకు విరోధముగా మక్లెల్లనును బలపరచెను.

ఆయన బైబిలు ఎరుగనివాడైతే సులువుగా విడిచిపెట్టవచ్చును. కాని యెరుగును! దాసులు యజమానులకు లోబడవలెనన్న వచనములు ఆయన నోటనున్నవి. మనుష్యుని దొంగిలి అమ్మినవానికి మరణశిక్ష విధించిన నిర్గమకాండము 21వ అధ్యాయము మాత్రము ఆయన వాదమునకు అడ్డు రాలేదు. యౌవనమున ఆయన దక్షిణమందలి చార్లెస్టనులో ధనికుల చిత్రములు వేసి జీవించెను. తనను ఆదరించిన యింటివారి మంచితనమును చూచెనే గాని, ఆ ఇంటి పెరటిలోనివారి మాట వినలేదని నా ఊహ.

ఈ సంగతి వ్రాయుటకు నాకు వేరొక కారణము కలదు. నేను సేవలో చేరిన తొలి దినములలో ఒక గ్రామ సంఘమున, ప్రభువు గిన్నె మొదట ఏ కులమువారికి అందవలెనన్న తగవు లేచెను. ఒక పెద్ద లేచి, దేవుడు సమాధానమునకే గాని అల్లరికి కర్త కాడని లేఖనమెత్తి, పాత వరుసనే నిలిపెను. వచనము సరియైనదే. నేను సెమినరీలో చదివినవాడను, జవాబెరుగుదును. అయినను ఆ పెద్ద ఇంటనే నా భోజనము. గిన్నెను ఆ వరుసలోనే అందించితిని. కడపటివాడు, ఒక ముసలి కూలివాడు, రెండు చేతులు చాచి పుచ్చుకొనెను. ఆ చేతులు నేటికిని నా కన్నులయెదుటనున్నవి.

యుద్ధకాలమున లింకను వాషింగ్టనులో యుద్ధశాఖవారి తంతి కార్యాలయమునకు తరచుగా నడచిపోయి, రణరంగపు వార్తల కొరకు గంటల తరబడి కూర్చుండెడివాడు. 1862 వేసవిలో అచ్చటనే ఒక బల్లయొద్ద, వార్తకు వార్తకు నడుమ కొంచెము కొంచెముగా బానిసల విమోచన ప్రకటన చిత్తుప్రతి వ్రాసెనని ఆ కార్యాలయాధికారి థామస్ ఎకెర్టు తరువాత చెప్పెను. 1863 జనవరి 1న ఆ ప్రకటన వెలువడెను. మోర్సు తంతులే ఆ వార్తను ఊరూరికి మోసికొనిపోయెను.