సెనెకా అన్న గల్లియోను: కోపపడని న్యాయాధిపతి

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలోని గల్లియోనును మనమెరుగుదుము. అతడు రోమా తత్త్వవేత్త సెనెకాకు సొంత అన్న అని మాత్రం మన ప్రసంగాలలో అరుదుగా చెప్పుకొంటాము. సెనెకా కోపమును గూర్చి మూడు పుస్తకాలు రాసి ఈయనకే అంకితమిచ్చాడు. దత్తతకు ముందు ఈయన పేరు నొవాటస్. కోపము స్వల్పకాలపు ఉన్మాదమనీ, అధికారి చేతిలో అది మరింత ప్రమాదమనీ, ఆలస్యమే దానికి మందనీ సెనెకా బోధ.

డెల్ఫీ శాసనాన్ని బట్టి గల్లియోను క్రీ.శ. 51-52 ప్రాంతంలో అకయకు అధిపతి. కొరింథు న్యాయపీఠం మీద అతడు ఆవేశపడలేదు. పౌలు మీది ఫిర్యాదును యూదుల ధర్మశాస్త్ర వివాదమని తోసిపుచ్చాడు. అయితే తన యెదుటనే సొస్తెనేసును కొడుతుంటే లక్ష్యపెట్టలేదు. తమ్ముని పాఠము అన్నలో సగమే పండినదని మాకు తోస్తున్నది. కోపమును అణచుకొన్నవాడు దెబ్బలు తినేవాని పక్షమున నిలువలేదు.

మరి బోధించినవాని సంగతి? యువ చక్రవర్తి నీరోకు సెనెకా కనికరమును గూర్చి ఒక గ్రంథం రాసిచ్చాడు. క్రీ.శ. 59లో నీరో తన తల్లి అగ్రిప్పినాను చంపించినప్పుడు, దానిని సమర్థిస్తూ సెనేటుకు వెళ్లిన లేఖను కూర్చినవాడు సెనెకాయేనని అప్పట్లో నిందపడ్డాడని టాసిటస్ చరిత్ర చెప్పుచున్నది. 65లో అదే నీరో ఆజ్ఞ మేరకు అతడు ప్రాణం తీసుకొనవలసి వచ్చింది. తమ్ముని మరణానికి హడలిపోయిన గల్లియోను తన ప్రాణము కొరకు వేడుకొన్నాడని కూడా టాసిటస్ రాశాడు.