బూడిద దిబ్బలు చెప్పు పాఠము

మానవశాస్త్రమునకు నాలుగు శాఖలున్నవని చెప్పుదురు. ఒకటి మానవుని శరీరమును, మరియొకటి సంస్కృతిని, ఇంకొకటి భాషను విచారించును. నాలుగవది పురావస్తు మానవశాస్త్రము. దీనికొక చిక్కు కలదు. ప్రశ్నించుటకు ఆనాటి మనుష్యులు లేరు. వారు విడిచిన వస్తువులే మిగిలినవి. ఆ మూగ వస్తువుల భావము తెలియవలెనన్న తక్కిన శాఖల తోడ్పాటు వలయును. దక్కనులోని బూడిద దిబ్బల కథ యిందుకు మంచి నిదర్శనము.

బళ్లారి ప్రాంతమందును, కృష్ణా తుంగభద్రల పరిసరములందును ఈ దిబ్బలు పెక్కు కలవు. హంపి చెంతనున్న నింబాపురపు దిబ్బను జనులు వాలి చితాభస్మమందురు. కొందరు పండితులు వీనిని లోహములు కరగించిన తావులనిరి. భూగర్భశాస్త్రజ్ఞుడగు రాబర్ట్ బ్రూస్ ఫుట్ మాత్రము ఇది కాలిన పశువుల పేడయని గ్రహించెను.

1957లో ఎఫ్. ఆర్. ఆల్చిన్ నాటి మహబూబునగరము జిల్లాలోని ఉట్నూరు దిబ్బను త్రవ్వించెను. గుంజలు పాతిన గుంటలు వరుసగా బయల్పడెను. బూడిదలో పశువుల గిట్టల గురుతులు కానవచ్చెను. అది నవీన శిలాయుగపు మందదొడ్డి యని తేలినది. అయినను, ఎరువుగా పనికివచ్చు పేడను వారేల కాల్చిరి? ఈ ప్రశ్నకు గునపము బదులు చెప్పజాలదు. అందుచే ఆల్చిన్ సజీవ సమాజముల వైపు చూచెను. పండుగనాడు పశువులను మంటల మీదుగా తోలు ఆచారము దక్షిణదేశమున నేటికిని కలదు. అట్టి ఋతుకర్మయే దీనికి మూలమని ఆయన 1963లో ప్రకటించిన గ్రంథమున వాదించెను.

1990 దశకమున కె. పద్దయ్య కర్ణాటకములోని బుదిహాళను త్రవ్వెను. అచట దిబ్బ చెంతనే నివాసములును, పశువులను కోసిన తావును బయల్పడెను. కావున దిబ్బ యనగా ఊరికి దూరమైన దొడ్డి మాత్రమే కాదు. జనులు కాపురమున్న పల్లెలో నొక భాగమని స్పష్టమయ్యెను. పేడను కాల్చుటకు కారణమేమను విషయమున పండితులకు నేటికిని ఏకాభిప్రాయము లేదు.

ఇచట నొక హెచ్చరిక యవసరము. నేటి పశుల కాపరి నవీన శిలాయుగపు అవశేషము కాడు. ఆ దిబ్బలకును అతనికిని నడుమ నాలుగువేల యేండ్లు గడచినవి. అతనికిని తనదైన చరిత్ర కలదు. అతని ఆచారము మనకు ప్రశ్నను సూచించునేగాని ప్రత్యుత్తరమీయదు. ప్రత్యుత్తరమును మరల మట్టిలోనే వెదుకవలెను. ఈ వివేకముతో సజీవులను మృతులను కలిపి చదువుటయే పురావస్తు మానవశాస్త్రపు పని.