పూల్ ఆటలో హ్యాండిక్యాప్: సమాన అవకాశం, న్యాయం

బలవంతుడికీ బలహీనుడికీ సమాన అవకాశం కల్పించడం ఎలా? బిలియర్డ్స్ కుటుంబానికి చెందిన పూల్ ఆట చరిత్రలో ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

1979లో అమెరికాలో టెర్రీ బెల్, లారీ హబర్ట్ అనే వృత్తి క్రీడాకారులు స్థాపించిన లీగ్ తరువాత అమెరికన్ పూల్‌ప్లేయర్స్ అసోసియేషన్‌గా మారింది. ఇందులో ఎయిట్‌బాల్ ఆటగాళ్లకు 2 నుంచి 7 వరకు స్థాయి అంకె ఇస్తారు. 7వ స్థాయి ఆటగాడు 2వ స్థాయి ఆటగాడిని ఓడించాలంటే 7 ఆటలు గెలవాలి. ఎదుటివారికి 2 చాలు. ఈ సర్దుబాటే హ్యాండిక్యాప్. దీనివల్ల కొత్తవారికీ గెలుపు ఆశ కలిగింది.

అయితే ఒక లోపాన్ని మీరు గమనించాలి. స్థాయిని నిర్ణయించేది గతంలో ఆడిన తీరే. కావాలని పేలవంగా ఆడినవారి అంకె తగ్గి, పెద్ద పోటీలో గెలుపు సులువవుతుంది. దీనిని శాండ్‌బ్యాగింగ్ అంటారు. నష్టపోయేది నిజాయితీగా ఆడినవారే.

తరువాత వచ్చిన ఫార్గోరేట్ పద్ధతి, చదరంగంలోని ఈలో పద్ధతిలాగే, ప్రత్యర్థి బలాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. 100 పాయింట్ల తేడా ఉంటే, బలమైన ఆటగాడు ప్రతి 3 ఆటల్లో 2 గెలుస్తాడని అంచనా. అనేక పోటీల ఫలితాలను కలిపి లెక్కించడం వల్ల మోసం కష్టమవుతుంది. అసాధ్యం మాత్రం కాదు.

కాబట్టి కొలత కచ్చితంగా ఉంటే చాలదు. ఓటమి లాభసాటి కాకుండా నియమాలు ఉండాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: హ్యాండిక్యాప్ ఎవరికి మేలు చేసింది? ఎవరికి నష్టం కలిగించగలదు?