పంచుకోని లాభం: నిజాంపట్నం ఓడ నుంచి గుంటూరు హోటల్ దాకా

గుంటూరు విద్యానగర్‌లో 2022 జనవరిలో ఐటీసీ వెల్‌కమ్‌హోటల్ మొదలైంది. నూరు పైచిలుకు గదుల ఆ భవనం ముందు నుంచి వెళ్లేవాళ్లు ‘ఎన్ని కోట్లు పోశారో’ అనుకుంటారు. ఆ కోట్లు ఎక్కడివని అడిగేవాళ్లు తక్కువ. హోటళ్లు కట్టే కంపెనీ ఏదైనా సరే, జవాబులో కొంత భాగం బ్యాలెన్స్ షీటులోని ఒక వరుసలో దొరుకుతుంది. అకౌంటెంట్లు దాన్ని రిటైన్డ్ ఎర్నింగ్స్ అంటారు. మన మాటల్లో పంచకుండా నిలిపిన లాభం. కంపెనీ పుట్టిన నాటి నుంచి వచ్చిన లాభాలన్నీ కూడి, అందులోంచి నష్టాలు, వాటాదార్లకు ఇచ్చిన డివిడెండ్లు, వేరే రిజర్వులకు మళ్లించినవి తీసేస్తే మిగిలే అంకె అది.

ఈ ఆలోచన పుట్టకముందు వ్యాపారం ఎలా సాగిందో చూడాలంటే మన తీరానికే వెళ్లాలి. 1611లో ఈస్టిండియా కంపెనీ ఓడ గ్లోబ్ నిజాంపట్నం చేరింది. తెల్లవాళ్లు ఆ రేవును పెటపోలి అనేవారు. చిరువేరుతో ఎర్రగా అద్దిన బట్టలకు అది పేరు మోసిన చోటు. ఆ ఓడ వచ్చింది కంపెనీ ఏడో యాత్ర మీద. అప్పట్లో ఒక్కో యాత్రకు ఒక్కో పెట్టుబడి పోగుచేసేవారు. ఓడ తిరిగొచ్చి సరుకు అమ్ముడుపోయాక అసలు, లాభం కలిపి పంచుకుని ఆ లెక్క మూసేసేవారు. మర్నాటికి నిలిచేది ఏమీ లేదు. మరో ఓడ కావాలంటే మళ్లీ మొదటి నుంచి చందాలు ఎత్తాలి.

అదే రేవులో అంతకుముందే కొట్టు పెట్టిన డచ్చివాళ్లు వేరే దారి పట్టారు. 1602లో పుట్టిన వాళ్ల కంపెనీ, యాత్ర ముగిసిందని మూలధనం తిరిగి ఇచ్చేది కాదు. డబ్బు కావాలన్నవాళ్లు తమ వాటాను ఇంకొకరికి అమ్ముకోవాలి. ఇంగ్లిషు కంపెనీ 1657లో శాశ్వత మూలధనానికి మారింది. కంపెనీకి ఆయువు వచ్చాకే లాభాన్ని నిలుపుకోవడమన్న మాటకు అర్థం వచ్చింది.

మన చిట్టా, ఆవర్జాలకు ఈ సంగతి కొత్త కాదు. పాలు కలిసి కొట్టు నడిపేవాళ్లు ఏడాది చివర లెక్క తేల్చి, ఇంటికి తీసుకెళ్లగా మిగిలినదాన్ని ఎవరి పెట్టుబడి ఖాతాకు వాళ్లకు జమ వేసుకునేవారు. వ్యవసాయం మరీ సూటిగా చెబుతుంది. మిరప కళ్లం ఎత్తాక ఖర్చులు పోను అయిదు లక్షలు మిగిలాయనుకోండి. రెండు లక్షలు ఇంటికి వాడుకుని, మూడు లక్షలతో రైతు బోరు వేయించాడు. మరుసటి నెల బంధువు వచ్చి ‘మూడు లక్షలు మిగిలాయన్నావుగా, చేబదులు ఇవ్వరా’ అంటే ఏం చెబుతాడు? ‘ఉన్నాయి బాబాయ్, బోరులో ఉన్నాయి.’

హోటల్ కంపెనీని అంచనా వేసేవాళ్లు ముందుగా పట్టుకోవలసింది ఈ మాటే. నిలిపిన లాభం అంటే పెట్టెలో దాచిన నగదు కాదు. స్థలంగా, గోడలుగా, లిఫ్టులుగా, పరుపులుగా మారిపోయిన లాభం. చేతిలో నగదు ఎంతుందో వేరే వరుసలో చూసుకోవాలి.

మన ప్రాంతానికి ఈ కథతో చుట్టరికం దగ్గరిది. 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ ఆఫ్ ఇండియా పుట్టింది. దిగుమతి ఆకు మీద ఆధారపడటం తగ్గించుకోవాలని 1912లో గుంటూరు జిల్లా కేంద్రంగా ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ పెట్టింది. చీరాలలో ఈనాటికీ జనం నోట వినిపించే ఐఎల్‌టీడీ అదే. నల్లరేగడిలో పండిన ఆకు బ్యారన్లలో పచ్చబడి సిగరెట్టయింది. సిగరెట్టు మీద వచ్చిన లాభంలో కొంత వాటాదార్లకు పోయింది, కొంత కంపెనీలో నిలిచింది.

1975లో, ఐటీసీగా పేరు మార్చుకున్న ఆ కంపెనీ మద్రాసులో ఒక హోటల్ కొని చోళా అని పేరు పెట్టింది. ఆ ఏడే డివిడెండ్ ఇచ్చే ముందు లాభంలో పది శాతం దాకా రిజర్వుకు మళ్లించాలనే నిబంధనలు దేశంలో అమల్లోకి వచ్చాయి. 2013 కంపెనీల చట్టం ఆ నిర్బంధాన్ని తీసేసింది. ఇప్పుడు ఎంత నిలపాలో యాజమాన్యం ఇష్టం. కాబట్టి ఆ అంకె వెనక నిర్ణయం ఎవరిదో, ఎందుకో అడిగే బాధ్యత మదుపరిది.

హోటల్ ఆస్తుల కంపెనీలో ఈ వరుస చదవడానికి ఇంకొంత జాగ్రత్త కావాలి. మన చట్టం ప్రకారం కాంక్రీటు భవనం ఆయుష్షు అరవై ఏళ్లు, హోటల్ సామాను ఆయుష్షు ఎనిమిదేళ్లు. ఏటా ఆ తరుగు లాభాన్ని కోస్తుంది. కింద ఉన్న స్థలానికి మాత్రం తరుగు లేదు. దాని ధర పెరిగినా ఆ పెరుగుదల నిలిపిన లాభంలోకి రాదు. పుస్తకంలో విలువ పెంచి రాసినా అది వేరే రిజర్వు కిందే ఉంటుంది, దాన్ని డివిడెండుగా పంచడానికి వీల్లేదు. అందుకే పాత ఊళ్లో మంచి కూడలిలో స్థలమున్న హోటల్‌కు ఈ అంకె చిన్నదిగా కనిపించవచ్చు. అప్పు తెచ్చి కట్టిన కొత్త హోటల్‌కు మొదటి కొన్నేళ్లు మైనస్‌లో ఉన్నా ఆశ్చర్యం లేదు. ఏళ్లు గడిచినా మైనస్ లోతవుతుంటే మాత్రం భయపడాలి. స్థిరాస్తి పెట్టుబడి ట్రస్టులైన రీట్‌ల సంగతి వేరు. పంచదగిన నగదులో 90 శాతం పంచాలని సెబీ 2014 నిబంధనలే చెబుతున్నాయి గనుక అక్కడ నిలవ తక్కువుంటే తప్పు కాదు.

నిలిపిన రూపాయి ఏం సంపాదించిందన్నదే అసలు పరీక్ష. 1924లో అమెరికాలో ఎడ్గర్ లారెన్స్ స్మిత్ ఒక పుస్తకం రాస్తూ, మంచి కంపెనీలు లాభంలో కొంత నిలిపి మళ్లీ పెట్టుబడి పెట్టడం వల్ల వాటాదారుకు చక్రవడ్డీ లాంటి మేలు జరుగుతుందని చూపించాడు. ఈ లెక్క ఎవరైనా చేసుకోవచ్చు. అయిదేళ్లలో ఒక కంపెనీ 200 కోట్లు నిలిపింది అనుకుందాం. ఆ అయిదేళ్లలో వార్షిక లాభం 30 కోట్లు పెరిగితే నిలిపిన రూపాయి పదిహేను పైసలు తెస్తోంది. 4 కోట్లే పెరిగితే రెండు పైసలు. ఆ డబ్బు మనకే పంచి ఉంటే బ్యాంకులో వేసుకున్నా అంతకన్నా ఎక్కువ వచ్చేది.

2025 జనవరి 1 నుంచి ఐటీసీ హోటల్స్ విడి కంపెనీ అయింది. పది ఐటీసీ షేర్లున్నవాళ్లకు ఒక హోటల్ షేరు వచ్చింది. నలభై శాతం వాటా ఐటీసీ దగ్గరే ఉంది. మన జిల్లాల్లో ఆ షేరు అడక్కుండానే ఖాతాలోకి వచ్చినవాళ్లున్నారు. విభజనలో పద్దులు కొత్తగా సర్దుకుంటాయి కాబట్టి కొత్త కంపెనీ పుస్తకంలోని నిలవను 1975 నుంచి సాగిన చరిత్రగా చదవకూడదు. ఇక మీద ఏటా ఎంత నిలుపుతుందో, దాంతో ఏం కడుతుందో, కట్టింది ఎంత తెస్తుందో చూడాలి.

బోరు వేసిన రైతును మరుసటి పంటకు ఎవరూ ‘ఎంత లోతు దించావు’ అని అడిగి ఊరుకోరు. ‘ఎన్ని ఎకరాలు తడిశాయి’ అని అడుగుతారు. వార్షిక నివేదిక చేతికొచ్చినప్పుడు మనం అడగవలసిందీ అదే.