థెస్సలొనీక రాళ్లు

నేడు థెస్సలొనీకకు పోవు యాత్రికునికి మొదట కనబడునది సముద్రము, ఆ ఒడ్డున తురుష్కుల కాలమున కట్టిన తెల్లని బురుజు. అక్కడనుండి కొంత లోనికి నడచినచో ఎగ్నతియ అను పెద్ద వీథి. పౌలును సీలయు ఫిలిప్పీలో దెబ్బలుతిని, సుమారు 100 మైళ్లు నడచి వచ్చిన రోమా రాజమార్గపు పేరే ఆ వీథికి ఉన్నది. వీథిప్రక్కన గలేరియు చక్రవర్తి పారసీకులను గెలిచి కట్టించుకొన్న విజయతోరణము, దాని దాపున గుండ్రని రొటుండా మందిరము గలవు. గలేరియు క్రైస్తవులను హింసించినవాడు. ఆయన కట్టించిన రొటుండా పిమ్మట చర్చి ఆయెను, ఆ తరువాత మసీదు ఆయెను. ఇవన్నియు చూడదగినవే, కాని వీటిలో ఒక్కటియు పౌలు చూచినది కాదు. ఆయన వచ్చినది క్రీ. శ. 50 ప్రాంతమున, ఈ తోరణము అప్పటికి ఇంకను 250 ఏండ్ల దూరమున ఉన్నది.

పౌలు జాడకు మిక్కిలి దగ్గరగానున్న రాయి ఆ ఊరిలో లేదు, లండనులో నున్నది. యాసోనును ఎవరియొద్దకు ఈడ్చుకొనిపోయిరో ఆ పట్టణపు అధికారులను లూకా ‘పొలితార్ఖులు’ అని వ్రాసెను. పేరుపొందిన గ్రీకు గ్రంథకర్తలలో ఈ మాట దాదాపుగా కానరాదు గనుక లూకా పొరబడెనేమో అని శంకించినవారు ఉండిరి. అయితే ఆ పట్టణపు పడమటి ద్వారముమీద, ఫలానివారు పొలితార్ఖులై యున్నప్పుడు అని పేర్లతోకూడ చెక్కబడియున్నది. 19వ శతాబ్దమున ద్వారమును పడగొట్టినప్పుడు ఆ రాతిని బ్రిటిష్ మ్యూజియమునకు చేర్చిరి. అది పౌలు తరువాతి కాలపుదే. అయినను అట్టి శాసనములు మాసిదోనియలో ముప్పదికి పైగా దొరికినవి. ఆ ప్రాంతపు అధికారిని ఆ ప్రాంతపు మాటతోనే లూకా పిలిచెను.

పౌలు మూడు విశ్రాంతిదినములు తర్కించిన సమాజమందిరము మాటేమి? దాని స్థలము నేడు ఎవరికిని తెలియదు. మనము ప్రసంగములలో థెస్సలొనీక యూదులను బెరయవారి ప్రక్కన నిలువబెట్టి చిన్నబుచ్చుట వాడుక. నేనును అనేకమారులు ఆలాగు చేసితిని. ఆ యూదుల కథ అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయముతో ముగిసినట్లే మాటలాడితిని.

అది ముగియలేదు. 1492లో స్పెయినునుండి వెళ్లగొట్టబడిన యూదులు వేలకొలదిగా ఈ రేవునకు వచ్చి చేరిరి. నాలుగు శతాబ్దములకు పైగా వారు ఇంట స్పానిషు భాషయే మాటలాడిరి. బరువులు మోయు కూలీలు మొదలు వర్తకులవరకు ఓడరేవు వారి చేతిలోనే ఉండెను. శనివారము వచ్చినదనిన రేవులో పని నిలిచిపోయెడిది! 1912లో గ్రీకు సైన్యము ప్రవేశించునాటికి పట్టణములో అందరికంటె ఎక్కువమంది వారే.

1941లో జర్మను సైన్యము వచ్చెను. 1942 జూలైలో ఒక శనివారమున, విశ్రాంతిదినముననే, సుమారు 9,000 మంది యూదు పురుషులను ఒక కూడలిలో మండుటెండలో నిలువబెట్టి అవమానించిరి. ఆ కూడలి పేరు స్వాతంత్ర్యచౌకు. 1943 మార్చి మొదలు ఆగస్టు వరకు 45,000 మందికి పైగా రైలుపెట్టెలలో కుక్కి పంపివేసిరి. అత్యధికులు ఆష్విట్జ్‌లో చంపబడిరి. మిగిలినవారు 2,000 మందియైనను లేరు.

మరల రాళ్ల మాటకే వచ్చెదను. పట్టణపు గోడకు వెలుపల, మూడు లక్షలకు పైగా సమాధులున్న యూదుల శ్మశానము ఉండెను. 1942 డిసెంబరులో దానిని త్రవ్వివేయ మొదలుపెట్టిరి. జర్మనులు సెలవిచ్చిరి, పని చేయించినవారు ఆ ఊరి అధికారులు. హెబ్రీ అక్షరములున్న పాలరాతి పలకలు కాలిబాటలకును ఇండ్ల గోడలకును పోయినవి. చర్చీల మరమ్మతులకు సహితము వాడిరి. లూకా మాటను నిలిపిన ఒక రాతిని ఎంత భద్రముగా దాచితిమి! ఈ రాళ్లమీదను పేర్లుండెను.

ఆ నేలమీద ఇప్పుడు అరిస్టాటిలు పేరిట విశ్వవిద్యాలయము ఉన్నది. దాని ఆవరణములో యూదుల శ్మశానమునకు జ్ఞాపకచిహ్నము నిలిపినది 2014లో.